దారికి తగిన బస్సు

నగర జీవనానికి రహదారులు నాడులైతే, ప్రజారవాణా ఆ నాడులలో ప్రవహించే నెత్తురు వంటిది. సొంత వాహనం లేని విద్యార్థికి, దినకూలీకి, ఇళ్ళలో పనిచేసే స్త్రీకి, చిరుద్యోగికి బస్సే ఆధారం. హైదరాబాదు వంటి మహానగరంలో ప్రతి ఉదయం రెండు భిన్నమైన దృశ్యాలు కనిపిస్తాయి. ప్రధాన మార్గాలలో కళాశాలల వేళకు వచ్చే బస్సు అప్పటికే కిక్కిరిసి ఉంటుంది. పుస్తకాల సంచులు భుజాన వేసుకొన్న యువకులు ఫుట్‌బోర్డుపై ఒంటికాలితో వేలాడుతుంటారు. అదే వేళకు శివారు కాలనీలో అంతే పెద్ద బస్సు పట్టుమని పదిమంది లేకుండా సాగిపోతుంది. అది దాటిపోతే మరొక బస్సు కోసం గంటసేపు ఎదురుచూడవలసిందే. ఒకచోట చోటు లేదు. మరొకచోట వేళకు బస్సు లేదు. దారికీ బస్సుకూ పొత్తు కుదరకపోవడమే ఈ రెండింటికీ ముఖ్యమైన కారణం.

ఈ సమస్యకు సాధారణంగా వినిపించే పరిష్కారం బస్సుల సంఖ్యను పెంచడం. అది అవసరమే. అయితే ఎన్ని బస్సులు కావాలన్న ప్రశ్నకు ముందు ఏ దారికి ఎటువంటి బస్సు కావాలన్న ప్రశ్న ఉన్నది. దానికి సరైన సమాధానం లభించనంతవరకు కొత్త బస్సులు కూడా పాత పొరపాట్లనే మోస్తూ తిరుగుతాయి.

హైదరాబాదు బస్సు చరిత్రలో ఈ ప్రశ్న కొత్తది కాదు. నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 1932లో 27 బస్సులతో ఇక్కడ ప్రభుత్వ రోడ్డు రవాణా ప్రారంభమైనది. 1958లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణకు ప్రత్యేక సంస్థ వచ్చినది. ఈ సుదీర్ఘకాలంలో నగరం ఎన్నో రకాల బస్సులను చూసినది. రద్దీ మార్గాలలో రెండంతస్తుల బస్సులు తిరిగాయి. సికింద్రాబాదు నుండి జంతు ప్రదర్శనశాల వరకు నడిచిన 7జెడ్ డబుల్ డెక్కర్‌ను పాతతరం వారు నేటికీ తలచుకొంటారు. ఒకే రహదారిపై ఎక్కువమందిని చేరవేయడానికి, రెండు పెట్టెలు కలిపినట్లుండే వెస్టిబ్యూల్ బస్సులు కొంతకాలం నడిచాయి. పెద్ద బస్సు మలుపు తిరగలేని పాతబస్తీ వీధులలో సెట్విన్ మినీ బస్సులు ప్రజలకు అండగా నిలిచాయి. దారిని బట్టి వాహనాన్ని ఎంచుకోవాలన్న తెలివిడి ఆనాడే ఉన్నదని వీటివలన తెలుస్తున్నది.

బస్సు రకాన్ని నిర్ణయించడానికి ముందు ప్రయాణికుల అవసరాన్ని సరిగా లెక్కించాలి. రవాణా సంస్థలలో 'ఆక్యుపెన్సీ రేషియో' అనే కొలమానం వాడుకలో ఉన్నది. బస్సులో ఉన్న చోటులో ఎంతభాగం నిండినదో అది తెలుపుతుంది. దీనినే క్లుప్తంగా ఓ.ఆర్. అంటారు. రోజంతటికీ కలిపి చూసే సగటు ఓ.ఆర్. చాలా విషయాలను దాచిపెడుతుంది. ఉదయం కిటకిటలాడి, మధ్యాహ్నం వెలవెలబోయే మార్గానికీ, రోజంతా ఒకే తీరున నడిచే మార్గానికీ సగటు ఒకటే కావచ్చు. కాని ఆ రెండింటి అవసరాలు వేరు. అందువలన ఏ గంటలో, ఏ దిశలో, ఏ స్టాపుల మధ్య రద్దీ అత్యధికమో విడదీసి చూడాలి. కండక్టరు చేతిలోని టికెట్టు యంత్రం ఈ పనిని నేడు ఎంతో సులువు చేసినది.

అయినప్పటికీ టికెట్టు లెక్క ఒక్కదానినే నమ్మడం తగదు. నెలవారీ పాసు చూపి ఎక్కే విద్యార్థి ప్రతి ట్రిప్పుకూ టికెట్టు తీసుకోనక్కరలేదు. నిండిన బస్సు ఆగకుండా పోతే స్టాపులోనే మిగిలిపోయిన మనిషికి టికెట్టే లేదు. విసిగి షేర్ ఆటో ఎక్కినవారూ ఆ లెక్కలోనికి రారు. ఎక్కినవారిని మాత్రమే లెక్కించి, ఎక్కలేనివారిని విస్మరిస్తే, రద్దీ మార్గం ఎప్పటికీ రద్దీగానే మిగిలిపోతుంది. స్టాపులో నిలబడి కళ్ళతో చూసి చేసే లెక్కకు నేటికీ విలువ తగ్గలేదు.

లెక్క తేలిన తరువాత బస్సు పరిమాణం మాట వస్తుంది. నగర బస్సులలో 12 మీటర్లు, 9 మీటర్లు, 7 మీటర్ల పొడవుగల మూడు తరగతులు ప్రధానమైనవి. ఒక ఉదాహరణతో వీటి తేడా స్పష్టమవుతుంది. ఒక మార్గంలో రద్దీ గంటలో ఒకే దిశలో 480 మంది ప్రయాణించవలసి ఉన్నదనుకొందాం. 60 మందిని మోసే పెద్ద బస్సులైతే ఎనిమిది ట్రిప్పులు చాలు. ఇరవైమందిని మోసే చిన్న బస్సులైతే ఇరవైనాలుగు ట్రిప్పులు కావాలి. డ్రైవర్ల వేతనం పెరుగుతుంది. రహదారిపై రద్దీ మరింత ముదురుతుంది. పటాన్‌చెరు నుండి కోఠికి పోయే దారి వంటి ప్రధాన మార్గాలలో మినీ బస్సులను దింపడం ఏనుగు దాహానికి చూరు నీళ్ళు పట్టినట్లే అవుతుంది.

ఇక కాలనీ దారిలో గంటకు 60 మందే ఉన్నారనుకొందాం. ఒక్క పెద్ద బస్సు వారందరికీ సరిపోతుంది. కాని అది గంటకొక్కసారే వస్తుంది. వేళాపాళా తెలియక స్టాపుకు వచ్చినవారు సగటున అరగంటసేపు నిరీక్షించాలి. ఇరవైమంది పట్టే మినీ బస్సు ఇరవై నిమిషాలకొకటి వస్తే ఆ నిరీక్షణ పది నిమిషాలకు తగ్గుతుంది. ప్రయాణికుని దృష్టిలో స్టాపులో గడిచే కాలం కూడా ప్రయాణానికి చెల్లించే మూల్యమే. ఆర్థికశాస్త్రవేత్త హెర్బర్ట్ మోరింగ్ 1972లో ప్రచురించిన వ్యాసంలో ఈ నిరీక్షణ కాలాన్ని కూడా ఖర్చుగా లెక్కించి, బస్సులు తరచుగా నడిచేకొద్దీ ప్రయాణికులందరికీ మేలు కలుగుతుందని నిరూపించాడు.

ఆచరణలోనూ ఈ మాట రుజువైనది. ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో 1984లో పెద్ద బస్సుల స్థానంలో పదహారు సీట్ల చిన్న బస్సులను తక్కువ వ్యవధితో నడిపారు. ప్రయాణికులు పెరిగారు. ఆ ప్రయోగం దేశంలోని ఇతర పట్టణాలకు వ్యాపించినది. కాలక్రమంలో రద్దీ పెరిగిన దారులలో చిన్న బస్సులు చాలక పెద్దవాటిని తెచ్చుకోవలసి వచ్చినది. ఏ దారికైనా ఒక రకం బస్సు శాశ్వతం కాదని, ఎప్పటికప్పుడు లెక్క సరిచూసుకోవాలని ఈ అనుభవం బోధిస్తున్నది.

ఎక్సెటర్ వరకు పోనవసరం లేకుండా హైదరాబాదు వీధులలోనే దీనికి సాక్ష్యం లభిస్తుంది. మెట్రో స్టేషన్ల ముందు, కాలనీ మలుపుల వద్ద షేర్ ఆటోలు బారులు తీరి ఉంటాయి. ప్రయాణికులు లేరని బస్సును తొలగించిన దారిలో ఆటోలు నిండుగా తిరుగుతున్నాయంటే, అక్కడ కొరవడినది ప్రయాణికులు కారు. తగిన పరిమాణం, తగిన వ్యవధిగల బస్సు. షేర్ ఆటోలో విద్యార్థి పాసు చెల్లదు. ఆ భారం చివరకు పేద కుటుంబంపైనే పడుతుంది.

బస్సు రకం అంటే పరిమాణం మాత్రమే కాదు. ఛార్జీ తరగతి కూడా. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, మెట్రో డీలక్స్ అనేవి పైకి రంగుల తేడాలుగా తోచినా, సామాన్యుని జేబుకు అవి వేర్వేరు దారులే. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ప్రారంభమైన మహాలక్ష్మి పథకం నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం కల్పించినది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైనది. ఇటువంటి పథకాలతో ఏ తరగతి బస్సుకు ఎంత గిరాకీ అన్న పాత లెక్కలు తారుమారైనాయి. ఉచిత ప్రయాణికులకు ఇచ్చే జీరో టికెట్టు వలన ఆ మార్పును కొలిచే వీలు కూడా కలిగినది. ఒక దారిలో ఆర్డినరీ బస్సును తీసివేసి డీలక్స్‌ను వేస్తే కాగితంపై బస్సుల సంఖ్య తగ్గదు. కాని పనికి పోయే స్త్రీకి మాత్రం ఒక బస్సు తగ్గినట్లే. హక్కు ఇచ్చిన చేతితోనే బస్సు కూడా ఇవ్వాలి.

ఈ వాదనకు అభ్యంతరాలు లేకపోలేదు. బస్సు చిన్నదైనంత మాత్రాన డ్రైవరు జీతం చిన్నది కాదు. కనుక ఒక్కొక్క ప్రయాణికునిపై ఖర్చు పెరుగుతుంది. రకాలు ఎక్కువైనకొద్దీ డిపోలో విడిభాగాలు, మరమ్మతులు చిక్కుగా మారుతాయి. ఈ మాటలలో నిజమున్నది. కావుననే గల్లీకొక రకం బస్సును కొనడం వివేకం కాదు. రెండు మూడు పరిమాణాలు చాలును. అట్లే గంట గంటకు బస్సును మార్చనవసరం లేదు. ఉదయం రద్దీ కోసం కొన్న పెద్ద బస్సు మధ్యాహ్నం కొంత ఖాళీగా తిరిగితే దానిని వృథా అనరాదు. ఉదయం నగరంలోనికి నిండుగా వచ్చిన బస్సు తిరుగు ప్రయాణంలో వెలితిగా ఉండడమూ సహజమే. మార్గాన్ని బట్టి పరిమాణాన్ని, వేళను బట్టి ట్రిప్పుల సంఖ్యను నిర్ణయించడమే ఉత్తమ మార్గం. చిన్న బస్సుపై అదనంగా అయ్యే ఖర్చును కేవలం నష్టంగా భావించరాదు. నిరీక్షణ తగ్గినందువలన బడికి, పనికి వేళకు చేరిన మనుషుల కాలం కూడా సంపదే.

ఈ విషయంలో ఆలస్యం తగని సమయమిది. డీజిల్ బస్సుల స్థానంలో విద్యుత్ బస్సులు వస్తున్నాయి. 2025లో కేంద్రం పి.ఎం. ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాదుకు 2,000 విద్యుత్ బస్సులను కేటాయించినది. ఇటువంటి బస్సులను సంస్థలు తరచుగా దీర్ఘకాలపు ఒప్పందాలపై తీసుకొని, కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తాయి. ఒకసారి పరిమాణం తప్పితే ఆ తప్పును ఏళ్ళ తరబడి మోయవలసి వస్తుంది. నేడు కళాశాలలో చదువుతున్న విద్యార్థి ఉద్యోగంలో చేరి స్థిరపడేవరకు అవే బస్సులు అతని దారిలో తిరుగుతుంటాయి.

కనుక కొత్త బస్సు రంగును, హంగును నిర్ణయించడానికి ముందు పాత స్టాపులో నిలబడినవారిని లెక్కించడం పాలకుల, అధికారుల ప్రథమ కర్తవ్యం. విద్యార్థులు కూడా తమ స్టాపులో ఏ వేళకు ఎందరు ఎక్కలేక నిలిచిపోతున్నారో వారంరోజులు రాసి డిపో అధికారులకు అందజేస్తే, అది విజ్ఞప్తికి బలాన్నిచ్చే ఆధారమవుతుంది. బస్సు ఎంత పెద్దదన్నది ప్రధానం కాదు. అది ఎవరి కోసం వస్తున్నదో వారికి చోటు దొరకాలి, వేళకు దొరకాలి, వారు భరించగల ఛార్జీకి దొరకాలి. ఈ మూడూ కుదిరిన బస్సే దారికి తగిన బస్సు.