కొత్త వంటింట్లో పొయ్యి ఎవరు ఎంచుకోవాలి?

కొత్త ఫ్లాట్ చేతికొచ్చి నెల దాటింది. టైల్స్ అయ్యాయి, రంగులయ్యాయి, పూజగదికి తలుపు కూడా బిగించారు. వంటగట్టు దగ్గర మాత్రం పని ఆగిపోయింది. "అమ్మా, పొయ్యి కొలత చెప్తేగానీ రాయి కొయ్యలేను" అని గ్రానైట్ అతను రోజూ ఫోను. మా ఇంట్లో ఆ ఒక్క విషయం మీదే నలుగురం నాలుగు మాటలు మరి!

మాడ్యులర్ కిచెన్ అబ్బాయి ఒక బొమ్మ చూపించాడు. నిగనిగలాడే నల్లటి గాజు పలక, దాని మీద నాలుగు గుండ్రాలు. ఇండక్షన్ హాబ్ అట. మావారికీ, మా అబ్బాయికీ చూడగానే నచ్చేసింది. "ఒక్కసారి గుడ్డతో తుడిస్తే అద్దంలా ఉంటుంది" అన్నారు మావారు. ఆ గుడ్డ ఎక్కడ ఉంటుందో ఈయనకి తెలిస్తేగా అని లోపల్లోపల నవ్వుకున్నాను.

కానీ వాళ్లకి అది నచ్చడం వెనక అసలు కారణం వేరే ఉంది. మొన్న సంక్రాంతి వెళ్లాక ఒకరోజు మా అత్తయ్యగారు స్టవ్ మీద పాలు పెట్టి, బాల్కనీలో ఎవరో పలకరిస్తే మాటల్లో పడ్డారు. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. నేను కూరలు కొనుక్కుని వచ్చేసరికి గుమ్మంలోనే గుప్పున వాసన. స్విచ్చుల జోలికి పోకుండా ముందు రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచాను. ఏమీ కాలేదు. ఆ సాయంత్రం మావారు, "అమ్మా, ఇంక నువ్వు వంటింట్లోకి రావద్దు" అనేశారు.

ఆవిడ మారుమాట్లాడలేదు. కానీ యాభై ఏళ్లుగా తెల్లవారుజామున ఐదింటికి లేచి, ఇల్లంతా పడుకుని ఉండగా తన కాఫీ తనే కలుపుకుని తాగే మనిషి. ఆ మర్నాటి నుంచి ఐదింటికే లేచి, లైటు కూడా వేసుకోకుండా హాల్లో కూర్చుని, నేను లేచే ఆరున్నర దాకా ఎదురుచూడటం మొదలుపెట్టారు. "నన్ను లేపచ్చు కదా అత్తయ్యా" అంటే, "ఫరవాలేదులే అమ్మా, నాకేం తొందర" అంటారు. డెబ్భై ఆరేళ్ల మనిషి గ్లాసుడు కాఫీ కోసం నా నిద్ర తెమిలేదాకా కూర్చోవడం నాకు సుతరామూ నచ్చలేదు. అప్పుడనుకున్నాను, ఈ పొయ్యి సంగతి నేనే తేల్చాలని.

ముందుగా ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ తీసి గిన్నెలన్నిటి అడుగునా అంటించి చూశాను. ఇండక్షన్‌లో పొయ్యి కాలదండీ, గిన్నె కాలుతుంది. గాజు కింద ఉన్న రాగి తీగ చుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, దానికి గిన్నె అడుగు వేడెక్కుతుంది. అయస్కాంతం అంటుకోని గిన్నె దానికి పనికిరాదు. మా ఇంట్లో అల్యూమినియం కుక్కరు, ఇత్తడి గిన్నెలు, నా పెళ్లికి అమ్మ పెట్టిన రాగి అడుగు స్టీలు గిన్నెలు, అన్నీ ఫెయిల్. స్టీలువాటిలో సగం పాస్. దోసెల పెనం ఫస్టు క్లాసు. ఇనపమూకుడికి అంటుకుంది కానీ దాని అడుగు గుండ్రం, పలక మీద నిలవదు. పోపు గరిట సంగతి సరేసరి, అంత చిన్నది పెడితే అక్కడ ఏదో ఉందని కూడా చాలా పొయ్యిలు గుర్తించవు.

ఇంక కాల్చిన వంకాయ పచ్చడి, పుల్కాలు, నిప్పుల మీద అప్పడం... మంట లేకుండా ఎలా?

తర్వాత ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఒంటి పొయ్యి ఇండక్షన్ అయితే పూర్తిగా పెట్టినా రెండువేల వాట్లు, అంటే గంట మండితే రెండు యూనిట్లు. దానికి 16 యాంప్స్ ప్లగ్గు చాలు. నాలుగు గుండ్రాలదైతే ఏడువేల వాట్ల దాకా లాగుతుంది, విడిగా వైరూ, ఎమ్‌సీబీ వెయ్యాలి, మీటరు లోడు కూడా చూసుకోవాలి అన్నాడు. కరెంటు పోతే? మా ఇన్వర్టరు ఫ్యాన్లకీ లైట్లకీ తప్ప దేనికీ రాదు. పెళ్లివారొచ్చిన రోజున కరెంటు పోతే ఆ నల్లటి అద్దంలో మొహం చూసుకోవాల్సిందే.

ఇంతకీ అత్తయ్యగారిని షాపుకి తీసుకెళ్లాను. "నాకెందుకే, మీ ఇష్టం" అంటూనే బయల్దేరారు. టచ్ పలక మీద ఆవిడ వేలు పెడితే అది పలకలేదు. డెబ్భై ఏళ్లు అరిగిన వేళ్లు, పొడిబారిపోయాయి. రెండోసారి గట్టిగా నొక్కారు, మూడోసారి చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. సేల్స్ కుర్రాడు "మామ్మగారూ, మెల్లిగా" అంటుంటే ఆవిడ మొహం చిన్నబోయింది. ఇలాంటి వస్తువు కొని ఇంట్లో పెట్టి, "నీ కోసమే కొన్నాం" అంటే అంతకంటే అన్యాయం ఉంటుందా?

పక్కనే టిక్కుమని నొక్కే బటన్లున్న ఒంటి పొయ్యి ఉంది, రెండు మూడు వేలల్లో వచ్చేది. పాలకి విడిగా బటను, టైమరు. గిన్నె తీసేస్తే కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. పాలు పొంగినా ఆరడానికి మంటే లేదు. ఆవిడ నొక్కారు, అది పలికింది. "ఇదేదో వింటోందే" అన్నారు.

అదే షాపులో ఇంకో సంగతి తెలిసింది. మంట ఆరిపోతే గ్యాసు తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు ఉన్న గ్యాస్ హాబ్‌లు కూడా ఉన్నాయి. ఈ మాట ఇన్నాళ్లూ మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆవిడని వంటింట్లోంచి పంపేసే మాటే వచ్చేది కాదేమో.

కాబట్టి నా తీర్పు ఇదీ: గట్టులో అలాంటి రెండు బర్నర్ల గ్యాసు, రెండో కొసన ప్లగ్గు పక్కన ఆ ఒంటి ఇండక్షన్. మావారు "బొమ్మలో ఉన్నట్టు ఉండదు" అని గొణిగారు. ఉండదు. బొమ్మలో వంట చేసేవాళ్లు ఎవరూ లేరు మరి. గ్యాసుతో ఎండాకాలం వంటిల్లు కొలిమి అవుతుందన్న ఆయన మాట నిజమే, అందుకని ఏప్రిల్, మే నెలల్లో అన్నం, పప్పు ఇండక్షన్ మీదే చేద్దామనుకుంటున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే మాత్రం కొనేముందు డాక్టరుని అడగండి, ఇండక్షన్‌కి రెండడుగుల దూరంలో ఉండమంటారు.

కొత్తింటికి వెళ్లేదాకా ఎందుకని ఇండక్షన్ ఇప్పుడే కొనేశాను. పాల బటను మీద నా ఎర్ర బొట్టుబిళ్ల ఒకటి అంటించాను, చీకట్లో కూడా వేలికి తగులుతుందని. నిన్న తెల్లవారుజామున వంటింట్లో బీప్ వినిపించింది. లేవబోయి, మళ్లీ పడుకున్నాను. ఆరున్నరకి లేచేసరికి సింకులో కడిగి బోర్లించిన గ్లాసు ఉంది. గ్రానైట్ అతనికి కొలతలు చెప్పేశాను, గురువారం వస్తానన్నాడు. అమ్మ పెట్టిన రాగి అడుగు గిన్నెలు మాత్రం గ్యాసు వైపు అలమరలోకే వెళ్తాయి, వాటిని ఎవరికీ ఇవ్వను.