ఒంటి చక్రం మీద ఎన్ని ఆటలో!



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాం. కానీ అవి మీకు ఏడాది పొడవునా చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకని ఆటల గురించి రాస్తున్నాం. అదీ మన వైపు ఎవరూ ఆటగా లెక్కచేయని ఒక ఆట గురించి.

మాది జలంత్రకోట. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. హాస్టల్లో ఉన్న రోజుల్లో ఒకసారి పలాసలో సర్కస్ చూశాం. బఫూన్ ఒంటి చక్రం సైకిలెక్కి పడబోయి లేస్తుంటే కడుపుబ్బ నవ్వుకున్నాం. మర్నాడు మా జతగాడొకడు కామాటి మావయ్య పాత సైకిలు తీసుకుని, ముందు చక్రం గాల్లోకి లేపి, వెనక చక్రం మీదే గ్రౌండు సగం దాకా తొక్కాడు. మేమంతా చప్పట్లు కొట్టి వాడికి 'సర్కస్‌గాడు' అని పేరు పెట్టాం.

వాడు బక్కపలచని మనిషి. కబడ్డీ జట్టులోకి ఒక్కసారీ పిలవలేదు. వాలీబాల్‌లో బంతులు ఏరి తెచ్చే పని ఇచ్చాం. ఏటా స్లో సైకిల్ పందెంలో మాత్రం వాడిదే ఫస్టు. బారువ వైపు తోటల్లో ఇసుక దారుల మీద సైకిలు నేర్చినవాడు మరి! కానీ ఆ పందెం నవ్వులాట కింద పోయేది. కప్పులు, ఫొటోలు కబడ్డీ వాళ్లకే. పదో తరగతి తర్వాత వాడు చెన్నై పనులకు వెళ్లిపోయాడు. "నేను దేనికీ పనికిరాను రా" అనేవాడు. మేమూ కాదనలేదు.

ఒంటి చక్రం సైకిలు ప్రపంచంలో గౌరవమైన క్రీడ అని పీజీకి వచ్చాక చదివి తెలుసుకున్నాం. యూనిసైక్లింగ్ అంటారు. 1982లో దానికి అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1984లో అమెరికాలోని సిరక్యూస్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. 2024లో అమెరికాలోనే బెమిడ్జి అనే ఊళ్లో జరిగాయి. జపాన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలు వ్యాయామంలో భాగంగా దీన్ని నేర్చుకుంటారు.

ఆ బండికి హ్యాండిల్ ఉండదు. మామూలు రకానికి గొలుసు, ఫ్రీవీల్ కూడా ఉండవు. పెడళ్లు నేరుగా చక్రం ఇరుసుకే ఉంటాయి. కాళ్లు ఆగితే చక్రం ఆగుతుంది, వెనక్కి తొక్కితే వెనక్కి పోతుంది. అరచేతిలో కర్ర నిలబెట్టి, అది వాలిన వైపు చెయ్యి జరిపే ఆట మనందరం ఆడినదే. ఇక్కడ కర్ర మన ఒళ్లు, చెయ్యి ఆ చక్రం.

మమ్మల్ని ఆశ్చర్యపరచిన సంగతి మరొకటి ఉంది. ఆ ఒక్క చక్రం మీద ఎన్ని పోటీలో చూడండి. వేగం ఉన్నవాళ్లకు 100, 400, 800 మీటర్ల పరుగు పందేలు. ట్రాకు మీద పెద్దలు వాడేది 24 అంగుళాల చక్రం. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 1.9 మీటర్లు పోతుంది. అంటే 100 మీటర్లకు యాభై పైచిలుకు చుట్లు తొక్కాలి. దమ్మున్నవాళ్లకు రోడ్డు మీద 10 కిలోమీటర్లు, 42.195 కిలోమీటర్ల మారథాన్ ఉన్నాయి. దానికి 36 అంగుళాల పెద్ద చక్రం కూడా వాడతారు. గుండె ధైర్యం ఉన్నవాళ్లకు కొండ ఎక్కడం, దిగడం. ఓర్పు ఉన్నవాళ్లకు ట్రయల్స్: దుంగలు, బండరాళ్ల మీద కాలు నేల తాకకుండా ఎగురుకుంటూ దాటాలి. నాట్యం వచ్చినవాళ్లకు పాటకు తగ్గట్టు చేసే ఫ్రీస్టైల్. జట్టుగా ఆడేవాళ్లకు బాస్కెట్‌బాల్, హాకీ. ఎత్తు దూకడం, పొడవు దూకడం కూడా ఉన్నాయి.

ఇంకో పోటీ చదివి మేము చాలాసేపు మాట్లాడుకోలేదు. 10 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పున్న పలక మీద ఆగకుండా, వెనక్కి రాకుండా, అందరికన్నా నెమ్మదిగా వెళ్లినవాడే విజేత. అదే మన స్లో సైకిల్ పందెం! మేము నవ్విన ఆటకు అక్కడ కొలతలు, నియమాలు, ప్రపంచ పోటీలు ఉన్నాయి.

సర్కస్ విద్య క్రీడగా మారడం మనకు కొత్త కాదు. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు తన బలాన్ని సర్కస్‌లోనే చూపించారు. ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్న ఆయన్ను జనం కలియుగ భీముడన్నారు. ఆయన ఒక్కడే అద్భుతం, మిగతావాళ్లంతా ప్రేక్షకులు. అదే బలానికి కిలోల లెక్క, బరువు తరగతులు, నియమాలు వచ్చాక మన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యింది. ఆ విభాగాలే లేకపోతే ఆమె తనకంటే ఎంతో బరువైన వాళ్లతో తలపడాల్సి వచ్చేది. విభాగాలు చేయడమంటే ఆటను ముక్కలు చేయడం కాదు. ఇంకా ఎక్కువమందికి తలుపు తీయడం.

"మెస్ చార్జీలే చాలని చోట ఒంటి చక్రం సైకిళ్లు కొనమంటారా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మేము కొనమనడం లేదు. ఉన్న పాత సైకిలు, ఒక పలక, ఒక సుద్దముక్క చాలు. వచ్చే వార్షికోత్సవానికి నెమ్మది పందెం, పలక మీద పందెం, మలుపుల పందెం విడివిడిగా పెట్టండి. ఆడపిల్లలకూ పెట్టండి. కొలతలు రాసి ఉంచండి. రికార్డు ఎవరిదో బోర్డు మీద రాయండి. కబడ్డీ కప్పుతో సమానంగా ఆ బహుమతి ఇవ్వండి. వార్డెన్ గారికీ, వ్యాయామ ఉపాధ్యాయులకూ మా మనవి ఇదే.

మా జతగాడికి ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అప్పుడే చెప్పుంటే బాగుండేది రా" అన్నాడు. అప్పుడు మాకూ తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది. మీ గదిలో కూడా ఒక 'సర్కస్‌గాడు' ఉండే ఉంటాడు. వాడు ఏ ఆటకూ పనికిరాడని అనేముందు, వాడికి సరిపోయే ఆట మనం పెట్టామా అని ఒక్కసారి ఆలోచించండి.