శరాబుకు రాయితీ, నూనెకు మహసూలా?

విదేశీ వైన్ మీద సుంకం తగ్గితే మనకేం వాస్తా, అది మన ఇళ్లలోకి రాని హరామ్ చీజ్ కదా అన్నాడో దోస్త్. వాస్తా ఉంది. శరాబు సీసా మీద హుకూమత్ ఎంత మెహర్బానీ చూపిస్తోందో తెలిస్తేనే, మన బావర్చీఖానాలోని నూనె డబ్బా మీద ఎంత బేరహమ్‌గా ఉందో అర్థమవుతుంది.

హిసాబ్ చూడండి. విదేశీ వైన్ మీద మన దేశంలో సుంకం 150 శాతం. 2022 డిసెంబర్ 29న ఆస్ట్రేలియాతో ఒప్పందం అమల్లోకి వచ్చింది. దిగుమతి ధర ఐదు డాలర్లు దాటిన సీసాకు సుంకం 100 శాతానికి, పదిహేను డాలర్లు దాటితే 75 శాతానికి దిగింది. పదేళ్లలో అవి 50కి, 25కి చేరతాయి. ఐదు డాలర్ల లోపు సీసాకు ఏ రాయితీ లేదు. అంటే సీసా ఎంత ఖరీదైతే రియాయత్ అంత ఎక్కువ! 2025 జూలైలో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందంలో విస్కీ సుంకాన్నీ 150 నుంచి 75కి, ఆ తర్వాత పదేళ్లలో 40కి దించడానికి ఒప్పుకున్నారు.

ఇక నూనె. 2024 సెప్టెంబర్ 14న, సరిగ్గా మీలాద్ ముంగిట, ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద అసలు సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. సెస్సులతో కలిపి మొత్తం 5.5 నుంచి 27.5కి ఎగబాకింది. రిఫైన్డ్ మీద 35.75. పాత స్టాకు అయ్యేదాకా ధర పెంచొద్దని కంపెనీలకు నసీహత్ చేశారు. ఆ నసీహత్ కిరాణా కొట్టుదాకా రాలేదు, ధర మాత్రం వచ్చింది. 2025 మే ఆఖర్లో ముడి నూనెల భారాన్ని 16.5కి తగ్గించారు గానీ, పాత 5.5కు తేలేదు.

సుంకం పరదేశీ వాడి జేబులోంచి వస్తుందనేది సగం ఝూట్. కొనేవాడు వద్దని పక్కకు తప్పుకోగలిగితేనే అమ్మేవాడికి నుక్సాన్. 2021 మార్చిలో చైనా ఆస్ట్రేలియా వైన్ మీద 116 నుంచి 218 శాతం దాకా సుంకం ఖాయం చేసింది. అక్కడి తాగుబోతులెవరూ ఫాకా ఉండలేదు, వేరే సీసా అందుకున్నారు. ఆస్ట్రేలియా ద్రాక్ష రైతు మాత్రం 2024 మార్చిలో ఆ సుంకం ఎత్తేసేదాకా తబాహీ చూశాడు.

నూనె విషయంలో అలా తప్పుకునే రాస్తా ఏది? దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే రావాలి. ఇండోనేషియా పామాయిల్ కాదంటే అర్జెంటీనా సోయా, దాని మీదా అదే సుంకం. సమోసాలు వేయించి పిల్లల ఫీజు కట్టుకునే బేవా నూనె లేకుండా వేయించగలదా? ఆమె కట్టే మహసూలూ, బంగళాలో ఉండే సేఠ్ కట్టే మహసూలూ లీటరుకు ఒక్కటే. ఆమె ఆమ్దనీలో అది ఎంత, సేఠ్ ఆమ్దనీలో ఎంత?

మరి రైతు సంగతేంటంటారు. సవాల్ వాజిబే. ఏలూరు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో పామాయిల్ గెలలు కోసే రైతుకు ధర దక్కాల్సిందే. విదేశీ నూనె మరీ చౌకైతే అతను మునుగుతాడు. కానీ దాని ఇలాజ్ సుంకమే కానక్కర్లేదు. 2021లో 11,040 కోట్లతో ప్రకటించిన ఆయిల్ పామ్ మిషన్‌లోనే, గెలల ధర పడిపోతే తేడాను రైతు ఖాతాలో వేసే బందోబస్తు రాసుకున్నారు. దాన్ని సాఫ్‌గా, వక్త్‌కు అమలు చేయండి. ఖజానా మోయాల్సిన బోజాను గరీబ్ దస్తర్‌ఖాన్ మీద పెట్టడం ఇన్సాఫ్ కాదు.

నా ముతాలబా ఒక్కటే. ముడి వంటనూనెల మీద అసలు సుంకం మళ్లీ సున్నా కావాలి, రైతుకు ధర ఖజానా నుంచి అందాలి. మన ఇలాకా ఎంపీ ఏ పార్టీ వాడైనా సరే, ఓటు అడగడానికి వచ్చినప్పుడు ముందు ఇది అడగండి: పదిహేను డాలర్ల సీసా కోసం పార్లమెంటులో మీరేం మాట్లాడారని కాదు, నూనె పాకెట్ కోసం ఏం మాట్లాడారని.