పాట పోలేదు, ఫోన్‌కి కనపడట్లేదంతే: రీసెట్ కొట్టేముందు ఒక మాట

పోస్టు కాస్త పెద్దదే. పాత ఫోన్ వాడేవాళ్లు మాత్రం ఓపిగ్గా చదవండి.

మన హాస్టళ్లలో ఫోన్లు చాలావరకు అన్న వాడి తమ్ముడికి ఇచ్చినవో, టౌన్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవో. అవి అప్‌డేట్ అడుగుతాయి, మనం చేస్తాం. మర్నాటి నుంచి తిప్పలు మొదలు. స్క్రీన్ ఆఫ్ చేస్తే క్లాసు ఆడియో ఆగిపోతుంది. మ్యూజిక్ యాప్ తెరిస్తే ఖాళీ. రింగ్ వినపడుతుంది గానీ పాట వినపడదు. షాపుకి తీసుకెళ్తే ఒకటే మాట: "రీసెట్ కొట్టాలి తమ్ముడూ, లేదంటే కొత్తది తీసుకో." మా పేచీ ఈ మాటతోనే.

ఎందుకంటే ఈ తిప్పల్లో చాలావాటికి రీసెట్ మందు కాదు. స్క్రీన్ ఆఫ్ చేయగానే ఆగిపోతోందంటే అది ఎక్కువసార్లు బ్యాటరీ పొదుపు పనే. ఆండ్రాయిడ్ 6 నుంచి ఈ పొదుపు వెర్షన్ వెర్షన్‌కీ గట్టిపడుతూ వచ్చింది, దానిమీద ఫోన్ కంపెనీలు తమ సొంత కోతలు కలిపాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ దగ్గర "అన్‌రిస్ట్రిక్టెడ్" అని పెడితే మామూలుగా సరిపోతుంది. పాటలు కనపడట్లేదంటే ముందు అనుమతులు చూడండి. ఆండ్రాయిడ్ 11 నుంచి కొన్ని నెలలు ముట్టని యాప్‌ల అనుమతులు ఫోనే వెనక్కి లాక్కుంటుంది. ఆండ్రాయిడ్ 13లో ఆడియోకి విడిగా అనుమతి వచ్చింది. వాట్సాప్ ఫోల్డర్ కూడా పాత చోట ఉండకపోవచ్చు. ఇప్పుడది ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో మీడియా అనే దాని లోపల ఉంటుంది. మనం పాత చోట వెతికి, పోయిందనుకుంటాం.

ఫోన్‌లో నిజంగానే శబ్దం చచ్చిపోయిన కేసులు లేవనం. 2017లో ఆండ్రాయిడ్ 8 వచ్చేదాకా, కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ స్పీకర్‌ని, మైక్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని చిప్ కంపెనీ, ఫోన్ కంపెనీ కలిసి మళ్లీ సరిచెయ్యాల్సి వచ్చేది. పాత మోడల్ మీద అంత శ్రద్ధ ఎవరు పెడతారు? ఇక అలాంటి ఫోన్‌లో ఎవరో తయారుచేసిన రామ్ వేయించుకుంటే ఒక చెవిలోనే వినపడటం, కాల్‌లో గొంతు పోవటం మామూలే. అప్‌డేట్ వల్ల శబ్దం పోయినప్పుడు కూడా ఫైళ్లు మామూలుగా ఫోన్‌లోనే ఉంటాయి. ఎక్కువగా పోయేది మనం ఆ తర్వాత చేసే పనివల్లే.

ఏజెన్సీ నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న ఒక చెల్లి సంగతి చెప్తాం. వాళ్ల నాయనమ్మ పాడిన పెళ్లిపాటలు, నాట్లపాటలు రెండేళ్లపాటు సెలవుల్లో రికార్డు చేసుకుంది. అప్‌డేట్ తర్వాత రికార్డర్ యాప్‌లో ఒక్క పాటా రాలేదు. షాపతను "కార్డులో ఉన్నాయిగా, భయం లేదు" అని రీసెట్ కొట్టాడు. కార్డు కార్డులాగే ఉంది, తెరవమంటే తెరుచుకోదు. ఎందుకు? ఆండ్రాయిడ్ 6 నుంచి కార్డుని ఫోన్ సొంత మెమరీలాగా వాడుకునే సౌకర్యం వచ్చింది. అలా కలిపిన కార్డుకి ఫోన్ తాళం వేస్తుంది, తాళంచెవి ఫోన్ లోపలే ఉంటుంది. రీసెట్‌తో తాళంచెవి పోయింది. నాయనమ్మ అంతకుముందు వేసవిలోనే పోయింది. ఇప్పుడు ఆ పాటలు మళ్లీ ఎవరు పాడతారు?

"యాప్ తీసేసి మళ్లీ వేసుకో" అన్న సలహా కూడా ఇంతే ప్రమాదం. కొన్ని రికార్డర్లు ఫైళ్లని తమ సొంత ఫోల్డర్‌లో దాచుకుంటాయి. యాప్ తీసేస్తే ఆ ఫోల్డర్ కూడా పోతుంది. "క్లియర్ డేటా" నొక్కినా అంతే. "క్లియర్ క్యాష్" వేరు, దాంతో నష్టం లేదు. ఈ రెండు బటన్లూ పక్కపక్కనే పెట్టినవాళ్లని ఏమనాలో మీరే చెప్పండి.

సినిమా పాట పోతే మళ్లీ దొరుకుతుంది. నెట్ బాగా ఉన్నోళ్లకి ఫోన్ ఒక కిటికీ, సరుకంతా ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. మనకి ఫోనే గాదె. కోయ, గోండి, సవర, కువి మాటల్లో మన పెద్దలు పాడింది ఎక్కువగా నోటిమాటగానే వచ్చింది. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, గుస్సాడి కనకరాజు గారికి 2021లో. ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు పేపర్లో వచ్చాయి. పేపర్లో రాని ముసలోళ్లు మన గూడేల్లో ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు. వాళ్ల గొంతు ఉన్న చోటు మన పగిలిన స్క్రీన్ ఫోన్ ఒక్కటే.

మరి అప్‌డేట్ చేయకుండా ఉంటే పోలా అని కొందరు అన్నలు అంటున్నారు. అది కుదరదు. 2025 జనవరి 1 నుంచి ఆండ్రాయిడ్ 5 కంటే పాత ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. డబ్బులు పంపే యాప్‌లు కూడా ఏదో ఒక రోజు అలాగే తలుపేస్తాయి. భద్రత కోసం కూడా అప్‌డేట్ కావాల్సిందే. మా వాదన అప్‌డేట్ మీద కాదు, అప్‌డేట్ ముందు చెప్పాల్సినవి చెప్పకపోవడం మీద. "మీ రికార్డింగులు ఫలానా చోట ఉన్నాయి, ముందు కాపీ తీసుకోండి" అని తెలుగులో ఒక్క వాక్యం స్క్రీన్ మీద వేయడానికి కంపెనీలకి ఎంత ఖర్చవుతుంది? ప్రకటనలు తెలుగులో వేయడం వచ్చు కదా.

వాళ్లు చేసేదాకా మనం ఆగలేం. లెక్క చూడండి. 128 కిలోబిట్ల ఆడియో గంటకి 58 ఎంబీ లోపే. 32 జీబీ పెన్ డ్రైవ్‌లో దాదాపు 500 గంటలు పడుతుంది. ఒక గూడెం పాటలన్నీ ఒక్క పెన్ డ్రైవ్‌లో సరిపోవచ్చు. కాపీ చేశాక కంప్యూటర్‌లో ఒకటి రెండు ఫైళ్లు మోగించి చూడండి, పేరు కనపడితే చాలదు. ఫైల్ పేరులో పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాయండి. ముందు వాళ్లని అడిగే రాయండి. కొన్ని పాటలు కొలుపుల్లో తప్ప బయట వినిపించకూడదని పెద్దలు అంటారు. అవి గ్రూపుల్లో పంచేవి కావు, ఇంట్లో దాచుకునేవే.

హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ గిరిజన పరిశోధనా సంస్థలు ఉన్నాయి. పిల్లలు తెచ్చే రికార్డింగులకి కాపీ తీసి, రసీదు ఇచ్చి, దాచే పని అక్కడ ఒక బల్ల దగ్గర జరగాలని మేము అడుగుతున్నాం. సంఘాల నాయకులు ఈసారి వినతిపత్రంలో స్కాలర్‌షిప్ బకాయిల కింద ఈ లైను కూడా రాయండి.

సంక్రాంతి సెలవులకి ఊరెళ్లేవాళ్లు చార్జర్‌తో పాటు ఒక పెన్ డ్రైవ్, ఫోన్‌కి తగిలించే ఓటీజీ పిన్ను పెట్టుకెళ్లండి. పిన్ను ఒక గదికి ఒకటి ఉన్నా చాలు.