నల్లమల నడకకు తోడే మొదటి నిబంధన కావాలి

మహాశివరాత్రి, ఉగాది దగ్గర పడుతుంటే ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా వేలాది మంది శ్రీశైలానికి నడిచి వెళ్తారు. కర్ణాటక భక్తులకు ఈ దారి తరతరాలుగా పరిచయం. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణాన్ని ఈ యాత్రకే కేటాయించాడు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. అంతటి చరిత్ర ఉన్న దారి, పండగ దాటగానే మామూలు మనిషికి మూసుకుపోతుంది. ఏడాదిలో కొన్నాళ్లు ఇసుక వేస్తే రాలనంత జనం, మిగతా కాలమంతా నిషేధం. అడవి నడక గురించి మన రెండు తెలుగు రాష్ట్రాల ఆలోచన ఇంతకు మించి పెద్దగా సాగలేదు. గుంపుకూ నిషేధానికీ మధ్య ఒక పద్ధతి ఉంది. నలుగురైదుగురి జట్టును, వెంట చెంచు ఒకరిని ఇచ్చి, పగటిపూట మాత్రమే నడవనివ్వాలి. ఒంటరిగా వచ్చినవారిని ఎంత అనుభవం ఉన్నా పంపకూడదు.

తోడు ఎందుకంత ముఖ్యమో శరీరమే చెబుతుంది. వడదెబ్బ తగిలిన మనిషికి ముందుగా మసకబారేది ఆలోచన. మాట తడబడుతున్న సంగతి, అడుగు పక్కకు పడుతున్న సంగతి పక్కనున్నవారికి తెలుస్తుంది గానీ అతనికి తెలియదు. నీడన కూర్చోబెట్టి, తడిగుడ్డతో ఒళ్లు చల్లబరచాల్సిన సమయంలో ఒంటరివాడు ఇంకా బాగానే ఉన్నాననుకుని నడుస్తూనే ఉంటాడు. పాము కరిస్తే కరిచిన కాలు కదపకూడదు, ఆస్పత్రికి మాత్రం వీలైనంత త్వరగా చేరాలి. సెల్‌ సిగ్నల్‌ అందని కొండల్లో ఈ రెండు పనులూ ఒక్కడివల్ల అయ్యేవి కావు. ఎలుగుబంటి సాధారణంగా మనిషి అకస్మాత్తుగా ఎదురుపడితే బెదిరి మీదపడుతుంది. ఇద్దరు మాట్లాడుకుంటూ వెళ్తుంటే ఆ అలికిడికి అది ముందే తప్పుకునే వీలుంటుంది. ఇవన్నీ కాక రోజంతా నడకలో పదేపదే ఎదురయ్యే చిన్న నిర్ణయాలున్నాయి. ఈ వాగు దాటాలా, ఉన్న నీళ్లు సరిపోతాయా, మధ్యాహ్నం దాటింది కాబట్టి వెనుదిరగాలా? అలసిపోయిన ఒక్క తల తీసుకునే నిర్ణయం కంటే రెండు తలలు వాదించుకుని తేల్చుకున్నది మేలు.

అమెరికాలోని అప్పలాచియన్ ట్రెయిల్‌ నేర్పిన పాఠం కూడా ఇదే. 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే ఈ కాలిబాట మీద తెల్లటి గుర్తులు, రాత్రి తలదాచుకునే పాకలు, ఏటా వేలమంది నడిచేవారు ఉంటారు. 2013లో 66 ఏళ్ల విశ్రాంత నర్సు ఒకరు స్నేహితురాలితో కలిసి ఈ దారి పట్టారు. ఇంట్లో అత్యవసరం వచ్చి స్నేహితురాలు మధ్యలోనే వెళ్లిపోయింది. ఆ నర్సు ఒంటరిగా ముందుకు సాగారు. జూలైలో మెయిన్‌ రాష్ట్రంలో కాలకృత్యాల కోసం దారి వదిలి పక్కకు వెళ్లి, తిరిగి ఆ దారి కనుక్కోలేకపోయారు. భర్తకు పంపిన సందేశాలు సిగ్నల్‌ లేక చేరలేదు. పెద్దఎత్తున గాలించినా దొరకలేదు. రెండేళ్ల తర్వాత, దారికి సుమారు 3 కిలోమీటర్ల లోపలే ఆమె గుడారం, అవశేషాలు కనిపించాయి. కనీసం 26 రోజులు ఆమె బతికే ఉన్నారని అక్కడ దొరికిన డైరీ చెప్పింది. అంత చక్కగా గుర్తులు పెట్టిన దారిలో ఆమెకు లోటైంది, దారి మీద నిలబడి పేరు పెట్టి కేకేసే ఒక్క మనిషి.

అయితే మందిని పెంచితే భద్రత పెరుగుతుందనుకోవడం పొరపాటు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ఎండుగడ్డికి నిప్పంటుకున్నప్పుడు అక్కడ ముప్పై మందికి పైగా ట్రెక్కర్లు ఉన్నారు. వారిలో 20 మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని దారి, మంటల కాలం. అలాంటి చోట పెద్ద జట్టు ఎవరినీ కాపాడలేకపోయింది. తమిళనాడు ఆ తర్వాత ట్రెక్కింగ్‌కు నియమాలు తెచ్చింది, 2024 అక్టోబరులో 40 దారులను ఆన్‌లైన్‌ బుకింగ్‌తో తెరిచి, స్థానిక గిరిజన యువతకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టింది. కర్ణాటక కూడా 2024లో కుమారపర్వతం మీద జనం కిక్కిరిసిపోయాక ఆన్‌లైన్‌ బుకింగ్‌తో రోజువారీ సంఖ్యకు పరిమితి పెట్టింది. పొరుగు రాష్ట్రాలు విషాదం నుంచో, రద్దీ నుంచో నేర్చుకున్నాయి. మనం అంతదాకా ఆగనవసరం లేదు.

నల్లమలలో ఈ తోడు చెంచులే కావాలి. ఏ వాగులో ఏ నెలదాకా నీళ్లుంటాయో, తడిమట్టిలో పడ్డ అడుగు ఎంతసేపటిదో పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, పుట్టి పెరిగినవారికి తెలిసినట్టు ఏ యాప్‌కూ తెలియదు. బైర్లూటి జంగిల్‌ క్యాంపులో చెంచులు ఇప్పటికే పనిచేస్తున్నారు, పులుల జాడ చూసే అటవీశాఖ సిబ్బందిలోనూ వారున్నారు. అయితే వారిని చూపించే వస్తువుగా మార్చే ప్రమాదం నిజమైనదే. అందుకే పెంటల్లోకి సందర్శకులను తీసుకెళ్లే పని పెట్టుకోకూడదు. గైడు కూలి జట్టు చెల్లించే రుసుములోంచి నేరుగా అతని ఖాతాలో పడాలి, రేటు గ్రామసభ తేల్చాలి.

పులుల అభయారణ్యంలో మనిషికేం పని అన్నది బలమైన అభ్యంతరం. నల్లమలలోని నాగార్జునసాగర్‌ శ్రీశైలం దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం, కాబట్టి దీన్ని తేలిగ్గా తీసేయలేం. కోర్‌ ప్రాంతంలో పర్యాటకం 20 శాతానికి మించరాదన్న 2012 నాటి జాతీయ మార్గదర్శకాలను సడలించమని ఎవరూ అడగకూడదు. కొత్త దారులు కోర్‌ చుట్టూ ఉండే బఫర్‌లోనే ఉండాలి. కోర్‌లో ఉన్న పాత యాత్రాదారిలోనైతే పండగ రద్దీకే మొదట పరిమితి పెట్టాలి. కొద్ది రోజుల్లో వేలమంది తెచ్చే చప్పుడు, ప్లాస్టిక్‌, పొయ్యిల నిప్పు ఆ అడవికి నెలల తరబడి నడిచే చిన్న జట్ల కంటే ఎక్కువ చేటు.

ప్రాణభయం గురించి అడిగేవారికి 2023 ఆగస్టు నాటి అలిపిరి ఘటన గుర్తుంటుంది. చీకటి పడ్డాక తల్లిదండ్రుల కంటే ముందు నడుస్తున్న ఆరేళ్ల పాప చిరుతకు బలైంది. తిరుమల తిరుపతి దేవస్థానం నడకదారిని మూయలేదు, పిల్లల్ని మధ్యాహ్నం 2 గంటల తర్వాత అనుమతించకుండా గడువు పెట్టింది. ప్రమాదం వేళలోనూ ఎడబాటులోనూ ఉందని గుర్తించిన నిర్ణయం అది. నల్లమలలోనూ సూర్యోదయానికి బయల్దేరి, చీకటికి రెండు గంటల ముందే గమ్యం చేరేలా దూరాన్ని లెక్కకట్టాలి. ఆ లెక్క జట్టులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని బట్టి ఉండాలి.

ఒంటరి నడకలో ఉన్న స్వేచ్ఛను లాక్కుంటున్నారనేవారి బాధ అర్థమవుతుంది. ఏకాంతం కోరి అడవికి వెళ్లడం మంచి కోరికే. కానీ ఒకరు తప్పిపోతే వెతకడానికి రాత్రిపూట అడవిలోకి దిగేది బీట్‌ ఆఫీసర్లు, చెంచు యువకులు. వారి ప్రాణాలను పణంగా పెట్టే హక్కు నడిచేవారికి లేదు. అడవి ఎండి నిప్పుకు సిద్ధమయ్యే ఫిబ్రవరికి ముందు, నవంబరు నుంచి జనవరి దాకా, ఒక్క దారిలో ప్రయోగంగా ఈ చిన్న జట్ల నడకను మొదలుపెట్టవచ్చు. అనుమతి పత్రం మీద ఒక షరతు మాత్రం స్పష్టంగా ముద్రించాలి: వెనక్కి వెళ్దామని చెంచు గైడు అంటే జట్టు అక్కడికక్కడే వెనుదిరగాలి, కట్టిన రుసుము తిరిగి ఇవ్వరు, గైడు కూలి కోయరు.