స్పీకరుకొక కుదురు

సంగీత ప్రియులు మంచి స్పీకర్ల కొరకు ధనము వెచ్చించుటకు వెనుదీయరు. కాని తెచ్చిన స్పీకరును దేనిపై నిలుపవలెనని ఆలోచించువారు అరుదు. ఖాళీగా ఉన్న చెక్కబల్లపైనో, అలమరపైనో దానిని ఉంచి “మోత బాగున్నది” అని తృప్తి చెందుచున్నారు. ఆ మోతలో సంగీతమెంత, బల్ల మోత ఎంత అని ప్రశ్నించుకొనవలెనని మా అభిప్రాయము.

రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు 1925లో ప్రకటించిన స్పీకరు సూత్రమే నేటికిని అధికముగా వాడుకలో ఉన్నది. అయస్కాంత క్షేత్రములో తీగచుట్ట కదలి, దానికంటిన శంకువును ముందువెనుకలకు కదుపును. శంకువు ముందుకు పోయినప్పుడెల్ల, న్యూటను మూడవ సూత్రము ననుసరించి, పెట్టె వెనుకకు నెట్టబడును. కంటికి కానరాని ఈ కదలిక పెట్టె నుండి బల్లకు, బల్ల నుండి నేలకు, గోడకు ప్రాకి వాటిని సైతము మ్రోగించును. మంద్రధ్వనులు ముద్దగా వినబడుటకు ఇది యొక కారణము.

వీణకు కుండ మ్రోగవలసినదే. దాని నాదమందే ఉన్నది. స్పీకరు వాద్యము కాదు. వాద్యము పలికిన దానిని పలికినట్లు అందించుటయే దాని ధర్మము.

మన పెద్దలు కుండ క్రింద కుదురు పెట్టిరి. తబలా విద్వాంసులు నేటికిని తబలాను గుడ్డ చుట్టిన కుదురుపైననే నిలుపుదురు. స్పీకరుకును అట్టి ఆధారమే కావలెను. అయితే మెత్తనిది ఏదైనను చాలుననుకొనుట పొరపాటు. స్పీకరు బరువుకు స్ప్రింగు 10 మిల్లీమీటర్లు క్రుంగినచో, దాని సహజ పౌనఃపున్యము సుమారు 5 హెర్ట్జ్ అగును. అప్పుడు 50 హెర్ట్జ్ కంపనములో, లెక్క ప్రకారము, దాదాపు నూరవ వంతు మాత్రమే క్రిందికి పోవును. గట్టి రబ్బరు దిమ్మె వలన ఆ సహజ పౌనఃపున్యము 40 హెర్ట్జ్ అయినచో, అదే కంపనము తగ్గుటకు మారుగా హెచ్చును! బరువు నెరుగక కొన్న దిమ్మె మేలుకు బదులు కీడు చేయగలదు.

దీని హద్దులను కూడ తెలియవలెను. రాతిబండ నేలపై నిలిచిన బరువైన స్పీకరుకు లాభము స్వల్పము. పలుచని చెక్కబల్లపై అధికము. గది మూలన ఉంచిన స్పీకరు మంద్రము ఉబ్బుటను ఏ కుదురును మాన్పలేదు. ముందు దానిని మూల నుండి జరుపవలెను. కొనుటకు పూర్వము మిత్రుడొకడు దిమ్మెలను పెట్టుచు తీయుచుండగా కన్నులు మూసికొని వినుట మంచిది. భేదము తెలియనిచో ఆ ధనము మిగిలినట్లే.

ఇది మన చెవులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. గోడలు కలిసిన ఇండ్లలో మన స్పీకరు కంపనము పొరుగింటి రోగి మంచమును, పరీక్షకు చదువుకొను విద్యార్థి బల్లను చేరును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాస ప్రాంతములలో పగటికి 55, రాత్రికి 45 డెసిబెళ్ల హద్దు విధించినవి. కుదురు నేలగుండా పోవు కంపనమునే తగ్గించును. గాలిలో పోవు ధ్వనిని తగ్గించవలసినది మన చేయియే.

విద్యార్థి మిత్రులారా! ప్రయోగశాలలో స్ప్రింగునకు బరువు కట్టి మనము నేర్చిన పాఠము మార్కుల పత్రముతో ముగియరాదు. ఇంటిలో సంగీతమునకు స్పష్టతను, పొరుగింటికి నిద్రను ఇచ్చినప్పుడే ఆ చదువు సార్థకము.