కొత్త యాప్ ఎందుకు, ఉన్నదాన్ని నిలబెట్టండి

ఏ ఇంజినీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుల జాబితా తిరగేసినా రక్తదాతల యాప్ ఒకటి తగులుతుంది. పేరు, బ్లడ్ గ్రూపు, ఊరు, ఫోన్ నంబరు నింపితే దాతల్లో చేరిపోతాం. అవసరం పడ్డవాళ్లు వెతుక్కుని ఫోన్ చేస్తారు. ఆలోచన మంచిది, చేసే పిల్లల మనసూ మంచిదే. వైవా అయిపోయి మార్కులు పడ్డాక మాత్రం ఆ యాప్‌ను పట్టించుకునేవాళ్లుండరు. దాతల నంబర్లు మారిపోతాయి. రక్తం ఇచ్చాక మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలని మన దేశంలో నిబంధన. మొన్ననే ఇచ్చి వచ్చినవాళ్ల పేర్లూ జాబితాలో అలాగే ఉంటాయి. తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అలాంటి బిడ్డ తండ్రి రాత్రిపూట ఆ జాబితా పట్టుకుని వరసపెట్టి ఫోన్లు చేస్తుంటే ఒక్కరూ పలకకపోవడం ఎంత నరకమో ఆలోచించండి.

యాప్‌ల తయారీ నేర్చుకోవడానికి సేవా ప్రాజెక్టులో చేరడాన్ని మించిన దారి లేదని నా గట్టి నమ్మకం. కాకపోతే సొంతంగా మరోటి మొదలుపెట్టే బదులు, జనం ఇప్పటికే వాడుతున్న యాప్‌లోకి వెళ్లి అందులో ఒక లోపం సరిచేయండి అంటాను.

అలాంటివి చాలానే ఉన్నాయి. ఫోన్‌లో ఫారాలు నింపి వివరాలు సేకరించే ఓపెన్ డేటా కిట్‌ను, అంటే ఓడీకేని, అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో మొదలుపెట్టారు. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ బజారులోకి వచ్చిందీ ఆ ఏడాదే. పశ్చిమ కెన్యాలో ఇంటింటికీ తిరిగి హెచ్‌ఐవీ పరీక్షలు చేసిన కార్యకర్తలు దీన్ని వాడారు. సిగ్నల్ లేని ఊళ్లో ఫారం నింపినా వివరాలు ఫోన్‌లోనే భద్రంగా ఉంటాయి, నెట్ అందాక సర్వర్‌కు చేరతాయి. ఓడీకేలో ఫారాలు నింపే కలెక్ట్ యాప్ కోడ్ అంతా గిట్‌హబ్‌లో ఎవరైనా చదవొచ్చు. వికీపీడియా వ్యాసాలకు ఫోటోలు అందించే వికీమీడియా కామన్స్ ఆండ్రాయిడ్ యాప్ కూడా ఇలాంటిదే. మొదట వికీమీడియా ఫౌండేషన్ తయారుచేసినా తర్వాత స్వచ్ఛంద కార్యకర్తల చేతికి వచ్చింది. మనమున్న చోటికి దగ్గర్లో ఇంకా ఫోటో లేని గుడో, కోటో, చెరువో ఉంటే మ్యాపులో చూపిస్తుంది. తెలుగు వికీపీడియాలో బొమ్మ లేని ఊళ్ల వ్యాసాలు ఎన్నో ఉన్నాయి. ఈ యాప్ బాగుపడితే నేరుగా మనకే మేలు.

ఇలాంటి చోట చదువు ఎలా సాగుతుందో చూడండి. ఇరవై ప్రశ్నలు నింపాక ఫోన్‌ను అడ్డంగా తిప్పగానే ఫారం ఖాళీ అయిపోయిందని ఒక ఫిర్యాదు వస్తుంది. ఫోన్ తిరిగినప్పుడు ఆండ్రాయిడ్ ఆ తెరను, అంటే యాక్టివిటీని, తీసేసి మళ్లీ మొదటినుంచి కడుతుంది, జవాబులు ఎక్కడా దాచకపోతే పోయినట్టే. కొత్తగా నేర్చుకునేవాళ్లు వాటిని తెర మళ్లీ కట్టినా చెరగని వ్యూమోడల్‌లో పెడతారు. ఫోన్ తిప్పినా ఇప్పుడు నిలుస్తాయి. అంతటితో పని అయిపోలేదు. మెమరీ తక్కువున్న ఫోన్‌లో కార్యకర్త ఫోటో కోసం కెమెరా తెరిస్తే వెనకున్న యాప్‌ను ఆండ్రాయిడ్ మొత్తంగా ఆపేయవచ్చు. అప్పుడు వ్యూమోడల్ కూడా పోతుంది. అందుకే ఏ జవాబుకు ఆ జవాబు ఫోన్‌లోని డేటాబేస్‌లో రాసుకోవాలి. డెవలపర్ ఆప్షన్లలో ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ ఆన్ చేస్తే దాదాపు అదే పరిస్థితిని మన బల్లమీదే తెచ్చుకుని పరీక్షించవచ్చు. అమీర్‌పేట కోచింగుల్లో యాక్టివిటీ లైఫ్‌సైకిల్‌ను ఇంటర్వ్యూ ప్రశ్నగా బట్టీ పట్టిస్తారు. ఎండలో నిలబడి ఒక మనిషి అరగంట నింపినదంతా పోయిందని తెలిసి నేర్చుకున్నవాళ్లు దాన్ని జన్మలో మరిచిపోరు.

సరిచేసి పంపిన కోడ్‌ను నిర్వాహకులు వరస వరసా చదువుతారు. పాత ఫోన్‌లో చూశారా, టెస్ట్ రాశారా, ఈ మార్పు వల్ల ఇంకెక్కడైనా చెడుతుందా అని అడుగుతారు. వేలు పోసి ఫీజు కట్టినా దొరకని చదువు ఇది. చాలాచోట్ల ఆ చదివేవాళ్లూ జీతం లేకుండా రాత్రుళ్లు కూర్చునేవాళ్లే. వాళ్ల సమయం ఎలా వృథా అవుతుందో చూడండి. ఇలాంటి ప్రాజెక్టులకు మార్పులు పంపించే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే పోటీలో నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. 2020లో అర్థంలేని మార్పులు కుప్పలుగా వచ్చిపడి నిర్వాహకులు అల్లాడిపోయారు. చివరికి ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే ఆ పోటీని పరిమితం చేయాల్సి వచ్చింది. సర్టిఫికెట్ కోసమో, రెజ్యుమెలో ఒక వరస కోసమో సేవా ప్రాజెక్టు తలుపు తట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో సంగతి. గూగుల్ ప్లే ఏటేటా యాప్‌లను కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు మార్చమంటుంది. ఏళ్లపాటు ఎవరూ ముట్టుకోని యాప్ కొత్త ఫోన్ కొన్నవాళ్లకు ప్లే స్టోర్‌లో కనిపించకుండా పోతుంది. ఒక శనివారం కూర్చుని దాన్ని సర్దిపెట్టే విద్యార్థి, పదకొండో రక్తదాతల యాప్ రాసే విద్యార్థి కంటే నాలుగింతలు మేలు చేస్తున్నట్టు. కాలేజీలు ఆ పనికి మార్కులు వేయాలి. నడుస్తున్న ప్రాజెక్టులో చేరి, ఆమోదం పొందిన మార్పులను ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా లెక్కించాలి. తప్పక సొంత యాప్ చేస్తే దాన్ని జూనియర్లకు అప్పగించాకే వైవా పెట్టాలి. అందులో జనం ఫోన్ నంబర్లు ఉంటే ఎవరికి కనిపించాలో, ఎప్పుడు తుడిచేయాలో కూడా రాసివ్వాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి విద్యార్థులకు చెప్పాల్సిందీ అక్కడే.

హైటెక్ సిటీలోనో, డాలస్‌లోనో ఏళ్లుగా ఆండ్రాయిడ్ మీద పనిచేస్తున్న తెలుగువాళ్లను ఒకటి కోరుతున్నాను. ఇలాంటి ప్రాజెక్టు ఒకటి ఎంచుకుని వారానికో గంట కొత్తవాళ్ల కోడ్ చదివిపెట్టండి. రాయడానికి ఉత్సాహపడే పిల్లలు వస్తూనే ఉన్నారు, కొరతంతా చదివేవాళ్లకే. మొదటి మార్పు పంపిన అమ్మాయికి నెల రోజులైనా జవాబు రాకపోతే ఆమె మళ్లీ అటు తొంగిచూడదు.